ఈశాన్యంలో వాగు

మా బావ ఎవరికీ మునిగే నేల అంటగట్టలేదు. ఆ నేలను మేమే పట్టుబట్టి కొన్నాం. ఆయన వద్దన్నాడు, మేం వినలేదు, మునిగాక ఆయనే ముంచాడన్నాం. ఈ మాటలు ముందే రాసేస్తున్నాను. ఇక్కడ టెక్సస్‌లో, ఫ్రిస్కోలో, మా తెలుగువాళ్ల విందుల్లో ఏ సంగతైనా సగం విని, ప్లేటు పట్టుకుని పక్క గుంపులోకి వెళ్లిపోవడం అలవాటు. ఇదీ అలాగే సగం చదివి లేచిపోయేవాళ్లుంటారు. వాళ్లకు కనీసం ఈ సగం దక్కాలి.

బావ అంటే మా అక్క భర్త. మా వైపు తెలుగువాళ్లకు ఇళ్లూ స్థలాలూ చూపించిన తొలి ఏజెంట్లలో ఆయనొకడు. ఇవాళ మా పిల్లల తరానికి ఆయన పేరు తెలీదు. 'ఈశాన్యం అంకుల్' అంటే మాత్రం అందరికీ తెలుస్తుంది.

పోయిన వసంతంలో తెలిసినవాళ్ల గృహప్రవేశానికి వెళ్లాం. పాలు పొంగాయి, పొయ్యి మీద ఒలికాయి, ఆ పొగకు ఫైర్ అలారం మోగింది, ఎవరో కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసిరారు. అన్నీ ఎప్పటిలాగే. మా అమ్మాయీ అల్లుడూ అప్పుడే ఇల్లు కొనుక్కోవాలని వెతుకుతున్నారు. ఆ మాట ఎవరితోనో అంటుంటే, అమ్మాయితో కలిసి చదువుకున్న ఓ కుర్రాడు అందుకున్నాడు.

"ఎవరి దగ్గరికైనా వెళ్లు, బట్ ఆ ఈశాన్యం అంకుల్ దగ్గరికి మాత్రం వద్దు. హీ సోల్డ్ హౌసెస్ ఇన్ ఎ రివర్. లిటరల్లీ."

"రివర్ కాదు బాబూ," అన్నాడు పక్కనున్న పెద్దమనిషి, పులిహోర నములుతూ. "ఇంటితోపాటు స్విమ్మింగ్ పూల్ ఫ్రీ అన్నాడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏళ్లుగా ఆ జోకు దగ్గర నా మొహం దానంతటదే నవ్వుతుంది.

కారులో ఇంటికొస్తుంటే అమ్మాయి వెనక సీట్లోంచి అడిగింది. "నాన్నా, ఈశాన్యం అంకుల్ అంటే మామయ్యా?"

"ఊఁ."

"మన పాత ఇల్లు, ఫ్లడ్ అయింది కదా, అది కూడా మామయ్య అమ్మాడా?"

"అలాంటిదే."

"అలాంటిదే అంటే ఏంటి? యెస్సా, నోనా?"

నేను సిగ్నల్ వైపు చూస్తూ కూర్చున్నాను.

"మామయ్య నిజంగా చీట్ చేస్తే నువ్వు మ్యాడ్ అవ్వాలి కదా. చెయ్యకపోతే వాళ్ల మీద మ్యాడ్ అవ్వాలి. నువ్వు నవ్వావు. వై?"

నాకు మంట అప్పుడే మొదలైంది. ఆ కుర్రాడి మీద కాదు. వాడు పుట్టి పెరిగిన ఇళ్లలో విన్నదే అన్నాడు. ఆ ఇళ్ల మీద. వాటిలో మాదీ ఒకటి.

బావ సంగతి చెప్పాలి. ఆయన్ని దేవుణ్ణి చెయ్యడానికి కూర్చోలేదు. బావ చదివింది సివిల్ ఇంజనీరింగ్, వచ్చింది రోడ్లు వేసే కంపెనీలో పనికి. గొంతు పెద్దది, నోరు ఇంకా పెద్దది. టెక్సస్ ఎండలో కూడా టై కట్టుకునేవాడు. పదిమంది ముందు నన్ను "మా ఆవిడ తెచ్చుకున్న అదనపు సామాను" అని పరిచయం చేసేవాడు. నేను వీసా మీద వచ్చి, మొదటి ఉద్యోగం ఊడి, వాళ్లింట్లో ఉన్నప్పుడు ఆ మాట అన్నా నవ్వి ఊరుకోక తప్పేది కాదు. తర్వాత నాకు మంచి ఉద్యోగం వచ్చింది. ఆయన మాత్రం ఆ మాట మానలేదు.

రోడ్ల కంపెనీ వదిలేసి ఇళ్లమ్మే లైసెన్సు తీసుకున్నప్పుడు ఆయన ఆఫీసు ఆయన కారే. ఇప్పుడు స్కూళ్లూ షాపులూ ఉన్నచోటల్లా అప్పుడు గోధుమ చేలూ పచ్చిక బీళ్లూ ఉండేవి. ఆ రైతులతో కంచె మీద మోచేతులానించి గంటలకొద్దీ మాట్లాడేవాడు. అక్క పెట్టిన ఆవకాయ సీసాలు వాళ్లకిచ్చి, వాళ్ల దగ్గర్నుంచి అక్రోటుల్లాంటి పీకన్ కాయలు సంచులతో తెచ్చేవాడు. కారు డిక్కీలో రకరకాల సైజుల రబ్బరు బూట్లుండేవి. ఎండలో చూస్తే ఏ నేలైనా పెళ్లికూతురిలాగే ఉంటుందని, వాన వెలిసిన పూట చూపించేవాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లూ, పట్టుచీరలవాళ్లూ ఆయన బూట్లు తొడుక్కుని బురదలో తిరుగుతుంటే చూడ్డానికి వింతగా ఉండేది.

"ఇది మన నల్లరేగడే," అనేవాడు. "నీళ్లు తాగితే ఉబ్బుద్ది, ఎండితే పగులుద్ది. దీనికి గుంటూరైతే ఏంటి, టెక్సస్ అయితే ఏంటి."

ఆయన వ్యాపారంలో సగం అక్క భోజనాల బల్ల దగ్గరే జరిగేది. ముందు మా అక్క పప్పుచారు తినాలి, తర్వాతే స్థలం చూడాలి. కొన్నవాళ్లకు పాలు పొంగించుకోవడానికి కొత్త స్టీలు గిన్నె బావ తరఫున బహుమతి. ఈ చుట్టుపక్కల ఆ గిన్నెలు లేని పాత కుటుంబాలు తక్కువ. ఆయన్ని తిడుతూ కాచుకునే టీ కూడా చాలా ఇళ్లలో ఆ గిన్నెలోనే కాగుతుంది.

ఇంకొకటి కూడా ఉండేది ఆయన దగ్గర. దిక్సూచి. కారు అద్దానికి వేలాడుతూ ఉండేది. తూర్పు గుమ్మం దొరికితే చాలు, దాన్ని చేతిలోకి తీసుకుని ముల్లు నిలబడేదాకా ఊపిరి బిగపట్టి, "చూశారా" అనేవాడు. ఈశాన్యం పల్లంగా ఉండాలి, ఈశాన్యంలో నీళ్లుంటే ఇక తిరుగులేదు అని మా అందరికీ నూరిపోసింది ఆయనే. బిల్డర్ల దగ్గర మిగిలిపోయిన ప్లాట్లను కూడా ఆ ముల్లు చూపించి అమ్మిన రోజులున్నాయి. అందుకే ఆయన్ని దేవుణ్ణి చెయ్యనన్నాను.

ఆ వాగు నేల సంగతికి వస్తాను. ఫ్రిస్కోకు ఉత్తరాన, ఊరు ఇంకా చేరని చోట, కౌంటీ రోడ్డు పక్కన పెద్ద ముక్క అమ్మకానికొచ్చింది. ఆరు కుటుంబాలం కలిసి కొనుక్కుని, పంచుకుని, పక్కపక్కనే ఇళ్లు కట్టుకోవాలనుకున్నాం. మాలో ముందుండి నడిపించేవాడు ఒకాయన ఉండేవాడు. తర్వాత ఆయన ఇల్లు మా ఇంటికి ఎదురుగా వచ్చింది కాబట్టి ఎదురింటాయన అనే అంటాను. కరీంనగర్ మనిషి, నాకంటే చిన్నవాడు, తెలివైనవాడు. ఆయన ఓ ఆదివారం ఆ నేల మీద నిలబడి, హైదరాబాదులో ఉన్న సిద్ధాంతిగారికి ఫోన్‌లో వీడియో చూపించాడు. ఎండ బాగా కాస్తోంది. మేమందరం చుట్టూ నిలబడ్డాం. సిద్ధాంతిగారు ఫ్యాను కింద కూర్చుని, ఫోను ఇటు తిప్పు, అటు తిప్పు అన్నారు. ఈశాన్యం మూలకు తిప్పేసరికి చెట్ల మధ్య సన్నటి వాగు కనిపించింది. చీలమండ కూడా మునగనన్ని నీళ్లు.

"నీళ్లేనా అవి?"

"నీళ్లే స్వామీ."

"ఏడాది పొడుగునా ఉంటాయా?"

"ఉంటయట."

"అయితే నన్నెందుకయ్యా అడగడం, కళ్లకద్దుకుని తీసుకోండి."

అంతే. ఆ వాగుకు ఎగువన ఏముందో ఆయన అడగలేదు, మేం చూపించలేదు. ఇంజనీర్లం, మేనేజర్లం, ఒక డాక్టరు. అందరం కలిసి ఒక వేలెడంత వాగును చూసి చేతులు జోడించాం.

ఆ సాయంత్రం అక్కవాళ్ల భోజనాల బల్ల దగ్గర సంగతి చెప్పాం. బావ గరిటె కింద పెట్టేశాడు.

"ఆ ముక్క వద్దు."

"ఏం బావా?" అన్నాను.

"పైన మూడు కాలనీలు పడుతున్నయి. ఇప్పుడక్కడ గడ్డి ఉంది కాబట్టి వాన తాగుద్ది. రేపు రోడ్లూ కాంక్రీటూ పడితే తాగేదేది? అంతా ఆ వాగులోకే వచ్చుద్ది. ఆ వాగు మీరనుకునే వాగు కాదు."

"ఫ్లడ్ మ్యాప్‌ల లేదు సార్," అన్నాడు ఎదురింటాయన. "నేను చెక్ చేసిన. మనది జోన్ బయటనే ఉంది."

"మ్యాపు గీసినప్పుడు ఆ కాలనీలు లేవుగా."

"మరి ఈశాన్యంలో నీళ్లుంటే మంచిదని మీరే గదా చెప్పేది?"

బావ మొహం ఎర్రబడింది. "ఇళ్లమ్ముకోడానికి చెప్పానయ్యా. నేల కొనుక్కోడానిక్కాదు."

అప్పుడు బల్ల చుట్టూ నవ్వు. అక్క కూడా నవ్వింది. ఇన్నేళ్లూ నిజమని చెప్పింది ఒక్క పూటలో ఆయనే కాదంటే ఎవరు నమ్ముతారు? ఆయన నవ్వలేదు. "ఒక్క పెద్ద వాన పడనీండి. బూట్లు నేనిస్తా. వాగు పక్కన నిలబడి చూసి, అప్పుడూ కావాలంటే నేనే కొనిపెడతా," అన్నాడు. వాన పడేదాకా ఆగితే వేరేవాళ్లు ఎగరేసుకుపోతారని మా భయం.

బయట కార్ల దగ్గర ఎదురింటాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఏందన్నా మీ బావ గిట్ల అంటున్నడు? అమ్మెటోడు వద్దంటడా ఎక్కడన్న?"

అప్పుడు నేనన్న మాట ఇది. "రిటైరయ్యాక ఉండటానికి ఎక్కడైనా నేల కొనాలంటున్నాడు. తనకోసం అట్టిపెట్టుకుంటున్నాడేమో."

నిజంగా అలా అనుకున్నానా? సగం అనుకున్నాను. మిగతా సగం, 'అదనపు సామాను'కు కూడా బావ లోగుట్టు తెలుసని నలుగురికీ చూపించుకోవడం. కానీ ఆ మాట అన్నది సొంత బావమరిది. ఇక దానికి సాక్ష్యం అక్కర్లేదు. మర్నాటికి ఆరిళ్లలోనూ అదే నిజం. బావ ఎంత గట్టిగా వద్దంటే అంత గట్టిగా, చూశావా, ఎంత ఆశో అనుకున్నాం. ఏజెంటు కొనమంటే అనుమానించడం లోకమంతా ఉన్నదే. వద్దంటే ఇంకా ఎక్కువ అనుమానించడం మాకే చెల్లింది.

మేం వేరే ఏజెంటు దగ్గరికి వెళ్లబోతున్నామని తెలిసి అక్క గోల పెట్టింది. "సొంత తమ్ముడు పరాయివాణ్ణి పెట్టుకుని కొంటే నేను పదిమందిలో మొహమెట్లా చూపించేది? ఏదో ఒకటి మీరే చేసిపెట్టండి." బావ చేసిపెట్టాడు. సంతకాల రోజు అందరి ముందూ మళ్లీ అన్నాడు, "వద్దని చెప్పాను, గుర్తుంచుకోండి" అని. ఎవరో, "సర్లెండి సార్, మీకు ఇంకోటి దొరుకుతుందిలెండి" అన్నారు. ఆ మాట ఆయనకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మా గృహప్రవేశాలకు ఆయన స్టీలు గిన్నెలు తేలేదు. అక్కే కొనుక్కొచ్చి ఆయన పేరు చెప్పి ఇచ్చింది.

కొన్నేళ్లు బాగానే ఉన్నాం. పిల్లలు వాగులో కప్పల్ని పట్టేవారు. ఎగువన కాలనీలు లేచాయి. మా అమ్మాయి ఆరో క్లాసులో ఉండగా, వసంతంలో రోజుల తరబడి వానలు పడ్డాయి. ఒక పొద్దున లేచి చూస్తే వాగు కనిపించలేదు. పెరడంతా అదే. వాస్తు ప్రకారం మా అందరి పూజగదులూ ఈశాన్యం మూలన్నే ఉన్నాయి. నీళ్లు ముందు అక్కడికే వచ్చాయి. ఇత్తడి కుందులు దొర్లాయి, పటాలు తేలాయి. ఎదురింటాయన లక్ష్మీదేవి పటం హాల్లోంచి వీధి గుమ్మం దాకా నెమ్మదిగా ప్రయాణం చేసింది. ఎవరికీ ఏమీ కాలేదు, అది మా అదృష్టం. ఇళ్లే పాడయ్యాయి. జోన్ బయట ఉన్నాం కాబట్టి వరద ఇన్సూరెన్సు ఎవరమూ తీసుకోలేదు.

ఆ పొద్దున అందరికంటే ముందు వచ్చింది బావే. డిక్కీలోని బూట్లూ, ఎక్కడినుంచో ఓ పంపూ తెచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఒక్కో ఇంట్లో నీళ్లు తోడుతున్నాడు. ఎదురింటాయన ఆయనకు వినపడేలా అన్నాడు.

"కమీషన్ తీస్కున్ననాడు కార్ల వచ్చిండు, ఇప్పుడు బూట్లేస్కొని వచ్చిండు."

బావ పంపు ఆపి నా వైపు చూశాడు. వాళ్లింటి బల్ల దగ్గర ఆయనేం చెప్పాడో విన్నవాళ్లలో ఇప్పుడక్కడున్న ఆయన మనిషి నేనొక్కణ్ణే. నేను తడిసిన కార్పెట్ చుట్టడంలో మునిగిపోయాను. ఆయన మళ్లీ పంపు ఆన్ చేసుకున్నాడు.

ఆ వారాంతం ఇళ్లు పోయినవాళ్లందరికీ ఎవరో భోజనం పెట్టారు. "సొంత బావమరిదిక్కూడా అంటగట్టిండా అన్నా?" అని ఒకరు అడిగారు. చెప్పడానికి ఒకే ఒక్క వాక్యం ఉంది. ఆయన వద్దన్నాడు, నేనే మీ చెవిలో విషం పోశాను. ఆ వాక్యం బదులు, "ఆయన ఈశాన్యం బావ, వరసలు చూడడు, దిక్కులే చూస్తాడు" అన్నాను. ఆ వారమంతా ఏడ్చి ఉన్న మొహాలు అప్పుడు మొదటిసారి నవ్వాయి. జోకు బాగా పేలిందని, చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు సంతోషం కూడా వేసింది. ఈశాన్యం బావ ఈశాన్యం అంకుల్ అయ్యాడు, పేరు పిల్లల నోటికెక్కింది.

తర్వాత జరిగింది త్వరగా జరిగింది. తెలుగువాళ్ల ఫోన్లు ఆగిపోయాయి. గుడికి స్థలం చూసిపెట్టమని అడిగినవాళ్లు ఆయన కాల్ ఎత్తడం మానేశారు. ఆయన తిండికి లోటేం రాలేదు. అమెరికన్లకూ మెక్సికన్లకూ పొలాలు చూపించుకున్నాడు. కానీ పదిమందిని కూర్చోబెట్టి పప్పుచారు పోయించి, గొంతు చించుకుని మాట్లాడితే తప్ప తోచని మనిషి, మనవాళ్ల గడప తొక్కడం మానేశాడు. అక్క ఒక్కతే వ్రతాలకు వచ్చేది. "ఆయనకు క్లయింటున్నాడు" అని ఎవరూ అడక్కుండానే చెప్పేది. వాయనం తీసుకుని, తినకుండా వెళ్లిపోయేది. ఇద్దరూ నాతో తెగతెంపులు చేసుకోలేదు. అలా చేసుంటే నాకు సుఖంగా ఉండేది. బావ నన్ను "అదనపు సామాను" అనడం మానేశాడు, అంతే.

అమ్మాయి నన్ను కారులో అడిగిన మర్నాడు తనే మామయ్యకు ఫోన్ చేసింది. ఇల్లు చూపించమంది. స్పీకర్‌లో నేనూ విన్నాను.

"మనవాళ్లకు చూపించడం మానేశానమ్మా. ఎవరన్నా తెల్లాయన్ని చూసుకో, బాగా చూపిస్తారు."

"నేను మనవాళ్లు కాదు మామయ్యా. నేను నీ కోడలు."

"నీ ఇంట్లో ఏ పైపు పగిలినా నా పేరే చెప్తారు తల్లీ. నాకొద్దు," అని పెట్టేశాడు.

అమ్మాయి ఏడ్చింది. ఏడుస్తూనే నా వంక చూసింది. ఆయన మళ్లీ మనవాళ్ల ముందు తలెత్తి ఒక ఇల్లు చూపిస్తాడా లేదా అన్నది నా నోట్లో ఉందని అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లూ అక్కడే ఉంది.

రెండు వారాలకు ఎదురింటాయన కొత్త ఇంట్లో భోజనాలు. పాత ఆరు కుటుంబాలూ ఉన్నాయి. టీవీలో క్రికెట్. నేను రిమోట్ తీసుకుని మ్యూట్ చేశాను.

"అరె అన్నా, లాస్ట్ ఓవర్!"

"మా బావ ఆ నేల వద్దన్నాడు. మీరందరూ విన్నారు. తనకోసం ఉంచుకుంటున్నాడని చెప్పింది నేను. అది అబద్ధం. ఈశాన్యం బావ అని పేరు పెట్టిందీ నేనే."

వెంటనే సర్దిచెప్పడాలు మొదలయ్యాయి.

"ఇప్పుడవన్నీ ఎందుకు బ్రదర్, అందరం మూవ్ ఆన్ అయినం గదా."

"వద్దన్నోడు డీల్ ఎందుకు చేసిండు మరి?"

"మా అక్క ఏడిస్తే చేశాడు. మనం ఇంకో ఏజెంటును పెట్టుకుంటామని బెదిరిస్తే చేశాడు."

"సరే, తప్పు ఎవరిదైనా," అన్నాడు డాక్టరుగారు, "ఇట్ వాజ్ ఏ నేచురల్ డిజాస్టర్."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ మనిషి తప్పు. వేలు మన వైపు తిరిగేసరికి ప్రకృతి తప్పు. "నేచురల్ డిజాస్టర్ అయితే ఆయన్ని గుడి దగ్గర పలకరించకుండా ఎందుకు పోయావయ్యా?" అని అరిచాను. వంటింట్లోంచి ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు.

అప్పుడు ఎదురింటాయన భార్య అంది. "ఆయన వద్దన్నది నాక్కూడ యాదికుంది. సంతకాలప్పుడు మళ్లొకసారి అన్నడు. నేను మా ఆయనతోని అన్న. నీకు తెల్వది, ఊకో అన్నడు."

"నువ్వు ఇప్పుడు స్టార్ట్ చెయ్యకు."

"అప్పుడు ఊకున్న. ఇప్పుడూ ఊకోవాల్నా?"

ఎదురింటాయన టీవీ సౌండ్ పెట్టాడు. మ్యాచ్ అయిపోయింది.

ఆ సాయంత్రం మా పెద్ద వాట్సాప్ గ్రూపులో కూడా అదే రాసి పెట్టాను. నలుగురు దండం బొమ్మ పెట్టారు. ఎందుకు దండమో వాళ్లకే తెలియాలి. ఒకరు 'వెల్ సెడ్' అన్నారు. ఆ కింద వెంటనే ఇంకొకరు, ఫర్నిచర్ అమ్మకానికి ఉంది, సోఫా దాదాపు కొత్తది అని ఫొటోలు పెట్టారు. నా బావ పరువు సోఫా కిందికి జరిగిపోయింది.

మర్నాడు బావ ఫోన్. ఎవరో ఆయనకు పంపించినట్టున్నారు. థాంక్స్ చెప్తాడేమో అనుకున్నాను, అంత వెర్రివాణ్ణి.

"నా తరఫున వకాల్తా పుచ్చుకోమని ఎవడు చెప్పాడ్రా నీకు?"

"బావా, నిజం చెప్పాలని…"

"నిజమా? దాంట్లో మిగతా సగం ఏదిరా? దిక్సూచి ఏది? ఆ ఈశాన్యం పిచ్చి ఎక్కించిందెవడు మీకు? నేను. నేను పదేళ్లు చెప్పి చెప్పి అమ్ముకున్నా. అది రాయకుండా నన్ను సత్యహరిశ్చంద్రుణ్ణి చేస్తే వాళ్లు నవ్వరా? సగం చెప్పి ముంచావు అప్పుడు. ఇప్పుడూ సగమేనా?"

"అది మీకు చెడ్డపేరు…"

"నా చెడ్డపేరు నాది. దాన్ని నేను మోస్తా. నీది నువ్వు మొయ్యి." పెట్టేశాడు.

ఆయన కోప్పడితే అక్క ఎప్పుడూ వెనకాలే ఫోన్ చేసి సర్దేది. ఈసారి చెయ్యలేదు.

కోపం నాకూ వచ్చింది. ఇన్నేళ్లూ ఒక్కసారైనా ఈ గొంతు వాళ్ల ముందు ఎత్తుంటే? పంపు ఆపి, నా వైపు చూసే బదులు, "చెప్పరా" అనుంటే? అభిమానం పేరుతో మూగవాడై, అక్కను ఒంటరిగా వాయనాలకు పంపించి ఏం సాధించాడు? ఇదంతా ఆయన్ని అడగాలని ఫోన్ చేతిలోకి తీసుకుని, పెట్టేశాను. అడిగే హక్కు ఉన్నవాడు అడగొచ్చు. నేను కాదు.

అందుకే ఇది రాస్తున్నాను, దిక్సూచితో సహా. ఆయన ఈశాన్యాన్ని అమ్మాడు. నేలను మాత్రం అమ్మలేదు. ఈ రెంటికీ తేడా తెలియనివాళ్లం కాదు మేం. తెలిసి కొన్నాం, తెలిసి తిట్టాం.

ఇది చాలావరకు రాసి, అమ్మాయి చేత అక్కడక్కడా చదివించి, ప్రింటు తీసి బావకు పంపించాను. వారం గడిచినా ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాత శనివారం తెల్లవారేదాకా వాన పడింది. పొద్దున్నే అమ్మాయి ఫోను మోగింది.

"లేచావా? మీ ఆయన పాదం సైజెంత?"

"లెవెన్, మామయ్యా."

"ఉంది. నీది నాకు తెలుసు. రండి, మెకినీ ఊరవతల ఒకటుంది. ఎండలో చూశారుగా ఇన్నాళ్లూ, ఇప్పుడు చూడండి."

వాళ్ల కారు సర్వీసుకు ఇచ్చారు. నేను దింపాల్సి వచ్చింది. దింపే అవసరమే లేకపోయినా వెళ్లేవాణ్ణి. బావ రోడ్డు పక్కన డిక్కీ తెరిచి నిలబడి ఉన్నాడు. టై లేదు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. అద్దానికి దిక్సూచి కూడా లేదు. అల్లుడికి బూట్లు ఇచ్చాడు, అమ్మాయికి ఇచ్చి తనే వంగి తొడిగాడు. అమ్మాయి ఆయన భుజం పట్టుకుని నిలబడింది.

నేను కూడా దిగి, డిక్కీ దగ్గరికి వెళ్లి, నాకు సరిపోయేవి ఉన్నాయా అని చూడబోయాను. బావ డిక్కీ మూసేశాడు.

"నువ్వు కారులోనే ఉండు," అన్నాడు.

వాళ్లు ముగ్గురూ గడ్డిలో దిగి, నీళ్లు ఎటు పోతున్నాయో చూసుకుంటూ నడిచారు. ఆయన గొంతు మాత్రం పాత గొంతే. కారు అద్దాలు ఎత్తి ఉన్నా వినపడుతూనే ఉంది.